ఫిల్మ్‌నగర్ గుట్టల్లో తొలి కాపురం

సెట్టు గుహలకు పేరుమోసిన పేటలో అసలు రాతి గూళ్లూ ఉన్నాయి. వేల ఏళ్ల కిందటి మనుషులు వాటిలో తమ గుర్తులు వదిలి వెళ్లారు. సెల్లార్ల కోసం గుట్టలు పిండి అవుతున్న ఈ రోజుల్లో ఆ గుర్తులను వెతుకుతున్నదెవరు? వాళ్లు వెతుకుతున్నదేమిటి?

కృష్ణానగర్ అడ్డాలో జూనియర్ ఆర్టిస్టులు బస్సెక్కే వేళ. ఫిల్మ్‌నగర్ మీదుగా రాయదుర్గం వైపు సాగి బీఎన్‌ఆర్ హిల్స్ ఎత్తుకు చేరేసరికి ఎండ ఇంకా గుండ్ల నెత్తినే ఉంటుంది, పాదాల దాకా దిగదు. ఒకపక్క కొత్త విల్లాలో టైల్స్ కోస్తున్న మోత. ఇంకోపక్క ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. రాళ్లు చూద్దామని వచ్చిన ఆదివారం గుంపు ఒక పెద్ద గుండు ముందు ఆగుతుంది. నిలువునా దూరే ఎత్తు లేదు. నడుం వంచి, అరచేతులు నేలకానించి ఒక్కొక్కరే లోపలికి జరగాలి.

లోపల చల్లగా ఉంటుంది. గబ్బిలాల వాసన, కాలికింద ఎండుటాకుల చప్పుడు, ఓ మూల పగిలిన సీసా. “బొమ్మలేవీ?” అంటాడు గుంపులోని పిల్లాడు. గుహ అంటే గోడ నిండా దున్నలూ విల్లంబులూ ఉంటాయని బడి పుస్తకంలో చూసి ఉన్నాడు మరి. పెద్దాయన ఒకరు జవాబు చెప్పకుండా సెల్‌ఫోన్ లైటు వెలిగించి, బండకు ఎదురుగా కాకుండా పక్క నుంచి నేలబారుగా పట్టుకుంటారు. అంతదాకా చదునుగా ఉన్న రాతి మీద ఓ నీడ లేస్తుంది. చిన్న పడవ అచ్చులా నడుమ లోతుగా, రెండు కొసలా సన్నబడిన గాడి. “వేలు పెట్టి చూడు నాయనా” అంటారాయన. చుట్టూ రాయి గరుకు. గాడిలో మాత్రం వేలు జారిపోతుంది.

అది వాన నునుపు కాదు. ఎవరో గొంతుక్కూర్చుని, రాతి గొడ్డలి అంచును ముందుకూ వెనక్కూ నూరితే పడిన నునుపు.

హైదరాబాద్‌లో రాళ్ల ముచ్చట ఈమధ్య ఇంటింటికీ చేరింది. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి జేసీబీలు దిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. చెట్లు, నెమళ్లు, జింకలు, కుంటల గురించి దేశమంతా మాట్లాడింది. అదే రాతి నేల మీద తెలంగాణ తొలి రైతులు, తొలి కొలిమిగాళ్లు బతికారన్న మాట మాత్రం ఆ హోరులో పెద్దగా వినబడలేదు. నగరంలో ఖరీదైన గజాలుగా పేరుపడ్డ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, రాయదుర్గం గుట్టల్లో ఆ బతుకుల ఆనవాళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి.

కనిపెట్టింది నడిచినవాళ్లే

బీఎన్‌ఆర్ హిల్స్‌లో తాబేలును తలపించే సహజ రాతి ఆవాసాన్ని, అక్కడి నవశిలాయుగపు ఆనవాళ్లను వెలుగులోకి తెచ్చింది ‘పబ్లిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిస్టరీ, ఆర్కియాలజీ అండ్ హెరిటేజ్’. క్లుప్తంగా ‘ప్రిహా’ అంటారు. చరిత్రకారుడు ఎం.ఎ. శ్రీనివాసన్ దాని ప్రధాన కార్యదర్శి. అక్కడ పెద్ద తవ్వకాలేమీ జరగలేదు. గుట్ట ఎక్కి, గుండ్ల కింద దూరి, నేల చూసుకుంటూ నడిచారు, అంతే.

తెలంగాణలో రాతి యుగపు స్థలాలు చాలావరకు ఇలా కాలినడకనే బయటపడ్డాయి. శ్రీరామోజు హరగోపాల్ ఆధ్వర్యంలోని కొత్త తెలంగాణ చరిత్ర బృందం సభ్యుల్లో చాలామందికి చరిత్ర జీతమిచ్చే వృత్తి కాదు. సెలవు దొరికితే బండి మీద ఊళ్లు తిరుగుతారు. పశువుల కాపరిని పలకరించి “ఈ గుట్ట మీద రాతల బండ ఏదన్నా ఉందా?” అని అడుగుతారు. గుట్ట మీద ఏ సందు ఎటు తేలుతుందో కాపరికి తెలిసినంత బాగా సర్వే మ్యాపుకు తెలియదు. ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు అడగడానికి కాపరి లేడు. వాచ్‌మన్ ఉన్నాడు. గేటు తీయమంటే ఆయన ముందు అయ్యగారికి ఫోన్ చేయాలి.

రాతి మీద మూడు రకాల దెబ్బలు

హైదరాబాద్ గుండు మీద కనిపించే ప్రతి గుంటా ప్రాచీనం కాదు. కొత్తగా రాళ్లు చూడ్డం మొదలుపెట్టినవాళ్లు తడబడేది ఇక్కడే. రాయి మీద మనిషి చేయి పడిన జాడలు మూడు కాలాలవి, మూడు తీర్లవి.

పాతవి నూరిన గాళ్లు. అంచులు మొద్దుబారి ఉంటాయి, లోపల నున్నగా ఉంటుంది. ఇసుక, నీళ్లు పోసి గొడ్డలిని ఒకే చోట రుద్దితే గ్రానైట్ కొద్దికొద్దిగా అరుగుతుంది. ఆ గొడ్డలి గ్రానైట్‌ది కాదు. గ్రానైట్‌ను చీల్చుకుంటూ గోడల్లా సాగే డోలరైట్ అనే నల్లరాతిది. ముందు పెచ్చులు లేపి ఆకారం తెస్తారు, ఆపైన చిన్న దెబ్బలతో చదును చేస్తారు, చివరికి గుండు మీద నూరి అంచు తీస్తారు. నూరడమే అన్నిటికన్నా ఓపిక తినే పని. అందుకే గాళ్లు ఎక్కువగా నీళ్లకు దగ్గరగా, కూర్చోవడానికి వీలైన చోట కనిపిస్తాయి.

రెండోవి వరసగా తీసిన నలుచదరపు గుంటలు. కోటగోడలకూ ఇళ్లకూ బండ చీల్చడానికి ఉలితో కొట్టినవి. అంచులు పదునుగా, గుంటకూ గుంటకూ ఎడం సమంగా ఉంటుంది. తరతరాలుగా వడ్డెర కులస్థుల చేతి పని అది. మూడోది కంప్రెషర్ బెజ్జం. సగానికి చీలిన బండ మీద నిలువునా కాలువలా, పైనుంచి కింది దాకా ఒకే వెడల్పుతో దిగుతుంది. అందులోనే మందు కూరి పేల్చారు.

ఈ గుట్టల్లో ఒక్కో గుండు మీద ఈ మూడూ పక్కపక్కనే కనిపించడం వింతేమీ కాదు. మొదటి మనిషి బండ మీద పనిముట్టు నూరుకున్నాడు, రెండో మనిషి బండలో కొంత తీసుకున్నాడు, మూడో మనిషికి బండే అడ్డమైంది.

> గుహల్లో రెండు జాతులు
>
> తెలుగు నేల మీద పేరున్న పెద్ద గుహలు సున్నపురాయివి. నీరు రాతిని కరిగించి చేసిన సొరంగాలు. నంద్యాల జిల్లా బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగుతాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని ప్రస్తావించాడు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్ని అదే కాలంలో ఆయన, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ తవ్వి జంతువుల ఎముకలు తీశారు. ముచ్చట్ల చింతమానుగవిలో బయటపడిన పొయ్యికి సుమారు 17 వేల ఏళ్ల వయసని తేలింది.
>
> అదే జిల్లా జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద పొర కింద, పొర పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి. అక్కడి ఒక రాతి చాటులో సుమారు 35 వేల ఏళ్ల నాటి సన్నరాతి పనిముట్లు వెలికి వచ్చాయి.
>
> హైదరాబాద్ గుహలు వేరు. ఇవి సొరంగాలు కావు, గ్రానైట్ బండలు ఒకదానికొకటి ఆని ఏర్పడిన చాట్లు. జనం పడిగరాయి అని పిలిచే రకం. లోతు కొద్దిగానే ఉంటుంది. గాలి, వెలుతురు ధారాళం. కాపురానికి ఇదే మేలు.

నీడ, నీళ్లు, నల్లరాయి

హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల లోతున గట్టిపడిన రాయి, పైనున్న పొరలన్నీ కొట్టుకుపోయాక బయటికి తేలింది. అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడ్డాయి. పగుళ్లలోకి నీరు దిగి మూలలు కొరికేసింది. నలుచదరపు దిమ్మెలు గుండ్రటి గుండ్లయ్యాయి. నడుమ మట్టి వానలకు జారిపోయి గుండ్లు ఒకదాని నెత్తిన ఒకటి మిగిలాయి. ఎవరో పనిగట్టుకుని పేర్చారేమో అనిపించే ఆ వరసల వెనక మనిషి చేయి లేదు. ఉన్నదల్లా నీరూ ఎండా.

ఇలాంటి నేల మీద ఇల్లు కట్టుకోవడం తెలియని మనిషికి దిగులు లేదు. గుండు కింద వాన తడవని చోటు దొరుకుతుంది. రాతి పల్లాల్లో వాన నీరు నిలిచే దొనలు ఉంటాయి. పల్లంలో పశువులకు గడ్డి, ఎత్తు మీద నుంచి చుట్టూ చూపు, అందుబాటులో గొడ్డలికి పనికొచ్చే నల్లరాయి. ఇవాళ జూబ్లీహిల్స్ బ్రోచర్లలో ‘కొండ మీద వ్యూ’ అని రాసి గజానికి ధర పెంచే లక్షణమే అప్పుడూ మనిషిని ఈ ఎత్తుకు రప్పించింది. మృగం వచ్చినా మంద తప్పిపోయినా ముందు కనిపించేది పైనున్నవాడికే.

పైకప్పు లాంటి బండ ఉన్నంత మాత్రాన బొమ్మలు ఉండాలని లేదు. గ్రానైట్ ఉల్లిపొరలా ఊడుతుంది, పొరతోపాటు రంగూ రాలిపోతుంది. వాన చుక్క తగలని లోతట్టు బండ మీదే ఎర్ర రంగు నిలుస్తుంది. నగరం దాటి మెతుకుసీమకు (మెదక్) వెళ్తే ఎడితనూరు, హస్తలాపూర్‌లలో అలాంటి బొమ్మలున్నాయి. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు ఇసుకరాతివి. వాటి చాట్లలో అడవిదున్న, జింక, పులి, చిరుత ఎర్రరంగులో కదం తొక్కుతాయి. కడప జిల్లా చింతకుంట, కర్నూలు సీమ కేతవరం కూడా ఈ కోవలోవే.

ఉలవలు, పశువులు, ఆపైన ఇనుము

గొడ్డలి నూరుకున్నవాళ్లు ఏం తిన్నారు? దక్షిణాది నవశిలాయుగం ఇంచుమించు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా సాగింది. ఆనాటి స్థలాల్లో మాడిన గింజలను జల్లించి చూసిన పరిశోధకులకు ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు కనిపించాయి. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ పొయ్యి మీద ఉడికే ఉలవచారుకు అంత పాత చుట్టరికం ఉంది.

వాళ్ల అసలు సంపద మాత్రం పశువులు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వించాడు. అది కొలిమి బూడిదనీ, రాక్షసుల ఎముకల బూడిదనీ అంతదాకా రకరకాల కథలు. తవ్వితే దొడ్డి బయటపడింది. గుంజలు పాతి కంచె కట్టి, లోపల పశువులను తోలి, పేరుకున్న పేడను తగలబెట్టారు. మళ్లీ కంచె కట్టారు, మళ్లీ కాల్చారు. ఒక పొరలో పశువుల గిట్టల ముద్రలు ఉన్నవి ఉన్నట్టే దొరికాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఒకనాటి సాయంత్రం మంద దొడ్డిలోకి వచ్చిన అడుగులవి.

ఆపైన ఇనుము వచ్చింది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆచార్య కె.పి. రావు బృందం పెద్దరాతి సమాధులను తవ్వి, కత్తులు, బ్లేడ్ల వంటి చిన్న ఇనుప పనిముట్లు, కుండలు వెలికితీసింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో చేసిన కాలనిర్ణయంలో క్రీ.పూ. 2400 దాకా వెళ్లే తేదీలు వచ్చాయి. దేశంలో ఇనుము ఎప్పుడు మొదలైందన్న లెక్కలనే కదిలించే తేదీ అది. పండితుల చర్చ ఇంకా నడుస్తోంది. చర్చకు కారణమైన సమాధులు, 2025లో కోర్టుకెక్కిన ఎకరాలు ఒకే రాతినేల మీద ఉన్నాయి.

బోయినపల్లి పక్కన హస్మత్‌పేటలోనూ పెద్దరాతి సమాధులున్నాయి. నగరం చుట్టుపక్కల ఇలాంటి రాళ్ల కుప్పల మీద ఇ.హెచ్. హంట్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1924లోనే వ్యాసం అచ్చువేశాడు. గులాం యజ్దానీ సారథ్యంలో 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ అప్పటికే పనిలో ఉంది. అంటే ఈ నగరం రాళ్లలో చరిత్ర ఉందన్న సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. నూరేళ్లుగా తెలుసు.

సినిమా వచ్చి గుట్టెక్కింది

తెలుగు ప్రేక్షకుడికి గుహ అనగానే గుర్తొచ్చేది 1951 నాటి ‘పాతాళభైరవి’. మద్రాసులో వేసిన ఆ సెట్ల మాయకు తోట రాముడితో పాటు మూడు తరాలు లోపలికి వెళ్లొచ్చాయి. తెలుగు సినిమా ఊరు మారి హైదరాబాద్ చేరినప్పుడు దానికి దొరికిన చోటు అసలు సిసలు రాతిగుట్టలే.

1960లలో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ మొదలైనప్పుడు ఆ బండల మీద ఇల్లు కడతారా అని నవ్వినవాళ్లున్నారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోకు తలుపులు తెరిచింది రాళ్లూ రప్పలూ నిండిన 22 ఎకరాల్లో. 1989 నాటికి ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద రామానాయుడు స్టూడియో వెలిసింది. తర్వాత తారల ఇళ్లు, క్లబ్బులు, ఫిల్మ్ ఛాంబర్, రెస్టారెంట్లు. దారి వేయాలన్నా పునాది తీయాలన్నా ముందు బండ పగలాలి. గుట్టను చీల్చిన వడ్డెర మేస్త్రీలు, పాలమూరు నుంచి వచ్చిన మట్టి పని కూలీలు పేట పుట్టుకలో మొదటి యూనిట్. టైటిల్స్‌లో వాళ్ల పేర్లు ఎక్కడా పడలేదు.

ఆ గుట్టకు ఆ పక్కనే స్టూడియో ఫ్లోర్లలో మౌల్డింగ్ పనివాళ్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబర్ కలిపి బండలు పోసి, నలుపు బూడిద రంగులు కొట్టి, నాచు అంటించి గుహలు కడుతూ వచ్చారు. షెడ్యూల్ అయిపోగానే విప్పేస్తారు. విప్పినా మళ్లీ కట్టగలరు. బయట పేలిన పడిగరాయి విషయంలో ఆ వెసులుబాటు లేదు.

> జాబితాకెక్కిన తొమ్మిది
>
> హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ హయాంలో వారసత్వ జాబితాలో చేర్చిన తొమ్మిది శిలా సముదాయాల్లో సగానికి సగం జూబ్లీహిల్స్ చుట్టూనే ఉన్నాయి.
>
> • మాన్‌స్టర్ రాక్ – ఫిల్మ్‌నగర్ దగ్గర
> • క్లిఫ్ రాక్ – జూబ్లీహిల్స్
> • ఒబెలిస్క్ – జూబ్లీహిల్స్
> • టోడ్‌స్టూల్ – జూబ్లీహిల్స్, బ్లూక్రాస్ పక్కన
> • దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు
> • బేర్స్ నోస్ – శిల్పారామం లోపల
> • మష్రూమ్ రాక్ – హైదరాబాద్ విశ్వవిద్యాలయం
> • రాక్ పార్క్ – పాత బొంబాయి రోడ్డు, హుస్సేన్ షా వలీ దర్గా సమీపం
> • సెంటినెల్ రాక్ – మౌలాలి దగ్గర

మైసమ్మ నిలబెట్టిన రాళ్లు

చట్టం కన్నా ముందు ఈ గుండ్లను కాపాడింది భక్తి. నగరంలో ఏ గుట్ట చూసినా ఓ బండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపకొమ్మ గుచ్చి ఉంటుంది. మైసమ్మో పోచమ్మో అక్కడ కొలువై ఉన్నట్టే. ఆషాఢంలో బోనం ఎక్కే రాయి మీద కంప్రెషర్ పెట్టడానికి కాంట్రాక్టరు కూడా జంకుతాడు. ఖాజాగూడ గుట్టల మీద దర్గా, గుడి దగ్గర దగ్గరగా ఉంటాయి. 1951లో ఆధ్యాత్మిక గురువు మెహర్ బాబా ఏకాంతం కోసం ఎంచుకున్నదీ ఆ గుట్టనే. అక్కడి రాళ్లలో కొన్ని మిగలడానికి ఆ పవిత్రతే కారణం.

అయితే మొక్కుకు వేరే ఖర్చు ఉంది. భక్తులు పెరిగితే గుండు ముందు సిమెంటు అరుగు లేస్తుంది. తర్వాత గోడకు టైల్స్, పైన ఎనామిల్ పెయింట్, రేకుల షెడ్డు. రాయి నిలుస్తుంది, రాతి మీది గుర్తు పూతల కింద పడిపోతుంది. గుడి కమిటీ పెద్దలతో కూర్చుని మాట్లాడితే ఒప్పుకోని విషయం కాదిది. రంగు పూసే ముందు ఆ బండ మీద ఏముందో చూడమని అడిగేవాళ్లే కరవు.

కరీబియన్ దీవిలో మరో కథ

రాతి మీది గుర్తు చెదరకుండా నిలిస్తే ఏం తెలుస్తుందో ఒక కరీబియన్ దీవి చూపిస్తుంది. కొలంబస్ 1492లో అడుగుపెట్టిన కరీబియన్ దీవుల్లో ఉన్న జనం టైనోలు. తమ తొలి మానవులు గుహలోంచి బయటికొచ్చారని వాళ్ల నమ్మకం. స్పెయిన్ మతగురువు రామోన్ పానే దాన్ని అప్పట్లోనే రాసిపెట్టాడు. కొత్త రోగాలు, వెట్టిచాకిరీ ఆ జనాన్ని కొద్ది దశాబ్దాల్లోనే ఊచకోత కోశాయి. రాజ్యం పోయింది, ఊళ్లు పోయాయి. గుహలు మిగిలాయి.

ప్యూర్టోరికోకు చెందిన మోనా అనే చిన్న దీవిలో దాదాపు 200 గుహలున్నాయి. పురావస్తు శాస్త్రవేత్తలు అలిస్ సామ్సన్, జేగో కూపర్ నడిపిన బృందం వాటిలో దూరి, చీకటి లోతుల్లో మెత్తటి గోడల మీద టైనోలు వేళ్లతో గీసిన ముఖాలు, మెలికలు నమోదు చేసింది. 2016లో వాళ్లు ప్రకటించిన సంగతి మరీ ఆసక్తికరం. ఒక గుహలో ఆ బొమ్మల పక్కనే 16వ శతాబ్దపు స్పెయిన్ మనుషులు లాటిన్, స్పానిష్ మాటలూ శిలువలూ గీశారు. రెండు లోకాలు ఎదురుపడిన క్షణం ఒకే గోడ మీద నిలిచింది. ఎందుకు తెలిసింది? గోడ కదల్లేదు కనుక. దీవి మొత్తం రక్షిత ప్రాంతం, అక్కడ శాశ్వత నివాసులు లేరు.

ఫిల్మ్‌నగర్‌ది పూర్తిగా తిరగబడిన పరిస్థితి. ఇక్కడ ప్రతి గుండుకూ సర్వే నంబరు ఉంది, యజమాని ఉన్నాడు, బ్యాంకు లోను ఉంది.

గొడ్డలి దొరికితే చాలదు

చాలామందికి వచ్చే సందేహం ఒకటే. రాతి గొడ్డలి ఉంటే తీసుకెళ్లి మ్యూజియంలో పెట్టొచ్చు కదా, గుట్టతో పనేముంది? అద్దాల పెట్టెలోకి చేరిన గొడ్డలి ఏ రాతితో చేశారో చెబుతుంది, అంతకుమించి చెప్పేది తక్కువ. అది దొరికిన పడిగరాయి, దాని ముందున్న నూరుడు గాడి, పది అడుగుల్లోని దొన, పల్లంలోని పచ్చిక, ఆ నల్లరాయి వచ్చిన దారి – ఇవన్నీ ఒకే చూపులో ఉన్నప్పుడే ఒక కుటుంబం దినచర్య అర్థమవుతుంది. గాడిని ఎత్తి మ్యూజియంలో పెట్టలేం. గుండును పేల్చి రాతి గొడ్డలిని కాపాడామంటే మాట మిగిలి మనిషి పోయినట్టే లెక్క.

అందుకే ఇప్పటి అన్వేషకులు తవ్వకం మాట తలపెట్టకుండా నమోదు మీద పడ్డారు. జీపీఎస్ గుర్తు, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో, చుట్టూ తిరిగి తీసిన వందల ఫొటోలతో కంప్యూటర్లో బండ నమూనా. గాడి బాగా కనబడాలని సుద్ద రుద్దడం, బొమ్మ మీద నీళ్లు చల్లడం పాతకాలపు అలవాట్లు. అవి రాతికి చెరుపు.

> గుండు చాటున ఏదైనా కనిపిస్తే
>
> • నునుపు గాడి, గిన్నెలాంటి చిన్న గుంటలు, ఎర్ర రంగు, కుండ పెంకులు, నున్నటి నల్లరాయి ముక్క – వీటిలో ఏది చూసినా ఉన్నచోటే ఉంచాలి.
> • పక్క నుంచి వెలుతురు పడేట్టు ఫొటో తీయాలి. పెన్నో నాణెమో పక్కన పెడితే కొలత తెలుస్తుంది.
> • సెల్‌ఫోన్‌లో లొకేషన్ దాచుకోవాలి. దాన్ని సోషల్ మీడియాలో పెట్టకూడదు, తవ్వుకుపోయేవాళ్లూ అక్కడే చూస్తారు.
> • సమాచారం రాష్ట్ర వారసత్వ శాఖకు ఇవ్వాలి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే వస్తువు సంగతి కలెక్టరుకు తెలపడం విధి.

జాబితా ఉంది, బలం లేదు

1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ మొదలైనప్పుడు రాళ్లకు సంఘమేమిటని వింతగా చూసినవాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో స్థిరపడిన జర్మన్ మహిళ ఫ్రాకే ఖాదర్, మాజీ ఐఏఎస్ అధికారి, చరిత్రకారుడు నరేంద్ర లూథర్ వంటివాళ్లు ముందు నడిచారు. 2021లో కన్నుమూసిన లూథర్ ఈ రాళ్ల మీద ‘రాక్యుమెంటరీ’ అనే చిత్రం తీయించారు. బంజారాహిల్స్‌లో తన ఇంటిని బండను పగలగొట్టకుండా బండ చుట్టూ కట్టుకున్నారు. నెలనెలా రాళ్ల నడకలు, బడి పిల్లలకు బొమ్మల పోటీలు, అధికారులకు అర్జీలు. తొమ్మిది శిలలు వారసత్వ జాబితాకెక్కడం ఈ పట్టుదల ఫలితమే.

ఆ జాబితాకు ఆధారమైన పట్టణాభివృద్ధి నియమావళిలోని 13వ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణకు కొత్త వారసత్వ చట్టం వచ్చింది. కానీ చట్టం పట్టించుకోవాలంటే ముందు స్థలం గుర్తింపు పొందాలి. తొమ్మిది పెద్ద శిలలను ఆకారం చూసి ఎంచారు. పుట్టగొడుగులా ఉందనో ఎలుగుబంటి ముక్కులా ఉందనో. గొడ్డలి నూరిన గుండుకు అలాంటి అందం ఉండక్కర్లేదు. సీతాఫలం పొదల వెనక, చెత్త కుప్పల పక్కన అనామకంగా పడి ఉండొచ్చు. ఫొటోకు ఒదిగే రాయికి కనీసం పేరుంది, కాపురానికి ఒదిగిన రాయికి అదీ లేదు.

2025లో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. పొలాల మధ్య ఆ రాళ్లు నిలిచాయంటే ఊరివాళ్లు వాటి మధ్య దున్నుకుంటూనే వాటిని కదపకపోవడం ఒక కారణం. ఎకరం కోట్లు పలికే రాయదుర్గం పక్కన అంత ఓపిక ఆశించడం అత్యాశే. అందుకే ఇక్కడ దారి వేరేగా ఉండాలి, అదీ బిల్డరు రోజూ వాడే కాగితాల్లోంచే రావాలి.

ఇవాళ టవర్ లేపాలంటే సాయిల్ టెస్ట్ రిపోర్టు కావాలి. బండ పేల్చాలంటే అనుమతి కావాలి. ఆ దరఖాస్తుకు ఇంకో పేజీ జోడిస్తే సరిపోతుంది. పేల్చే ముందు వారసత్వ శాఖ నుంచో విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం నుంచో ఒకరు వచ్చి ఒక పూట ఆ ప్లాట్‌లో తిరిగి, ప్రతి గుండు చాటూ చూసి సంతకం పెట్టాలి. గాడి లేదంటే పని ఆగదు. ఉందంటే ఆ గుండు ఉన్న మూలను, లేఅవుట్‌లో ఎలాగూ వదలాల్సిన ఖాళీ స్థలంగా చూపించొచ్చు. ప్రిహా, చరిత్ర బృందం వంటి సంస్థల్లో నడవగల జనం ఉన్నారు, విశ్వవిద్యాలయంలో గుర్తుపట్టగల విద్యార్థులున్నారు. వాళ్లకు ఇవ్వాల్సింది గేటు లోపలికి అనుమతి. జూబ్లీహిల్స్ నుంచి రాయదుర్గం దాకా పలుగు పడని ప్లాట్లు ఇంకా కొన్ని ఉన్నాయి కనుక మొదలుపెట్టాల్సింది అక్కడే.